ఖాళీ నిమిషంలో వినిపించినది

పాల్వంచ, కంపెనీ క్వార్టర్లు
10 సెప్టెంబరు 2006

చిరంజీవి జాషువాకు,

బావ అంతోనయ్య వ్రాయునది. ఈ ఇంట్లో నేనొక్కడినే కనుక క్షేమసమాచారం ఒక్క మాటలో ముగుస్తుంది. ఉన్నాను.

ఈ నెలలో నీవు నాలుగుసార్లు ఫోను చేశావు. నేను ఎత్తి, రెండు ముక్కలు పలికి పెట్టివేశాను. నీకు కోపం వచ్చి ఉండవచ్చు. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. రేపు నీవు అనలేదనవచ్చు, నేను వినలేదనవచ్చు. ముఖ్యమైన సంగతికి కాగితమే తగినది. ఇకమీదట నీవు కూడా వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

సంగతి మీ అక్క క్యాసెట్టును గురించినది.

రెండేళ్ల క్రిందట, ఏప్రిల్ నెలలో, హైదరాబాదులో గొంతు ఆపరేషనుకు బయలుదేరే ముందు రోజు, నీవు ఖమ్మంలోని నీ దుకాణంలో మీ అక్క మహిమను కూర్చోబెట్టి మూడు పాటలు, మా కూతురు తబితా కోసం నాలుగు మాటలు రికార్డు చేశావు. ఆపరేషను తరువాత ఆమె బ్రతికిన పద్నాలుగు నెలలూ పలక మీద వ్రాసే మాట్లాడింది. కాబట్టి ఆ ఒక్క క్యాసెట్టులో తప్ప ఆమె గొంతు ఈ భూమి మీద మరెక్కడా లేదు. నకలు తీసి ఉంచుతానని నీవు అన్నప్పుడు, భార్య గొంతు పంచిపెట్టే సరుకు కాదని నేను కాదన్నాను. ఆ మాటను ఇప్పుడు చర్చకు తేవద్దు.

జూలైలో తబితా దానిని అడిగి భద్రాచలం తీసుకుపోయింది. ఆగస్టు వరద నాడు అది దవాఖానాలో రోగులను మేడ మీదికి చేరుస్తూ ఉండగా, కరకట్ట పక్కన దాని కిరాయి గదిలోకి మొలలోతు నీరు వచ్చింది. ట్రంకుపెట్టెలో ఉన్న క్యాసెట్టు రెండు రోజులు గోదావరి నీటిలో నానింది. రోగులను కాపాడటం నర్సు ధర్మం. పెట్టెను అటక మీదికి ఎక్కించడం కూతురి ధర్మం. ఇది నిర్లక్ష్యమని దానితో అన్నాను. అప్పటి నుండి మా మధ్య మాటలు లేవు.

క్యాసెట్టును నీడలో ఆరబెట్టాను. ఇంకా వేసి చూడలేదు. దానిలోని గొంతును కంప్యూటరులోకి ఎక్కించి, సీడీగా భద్రపరచాలని నిర్ణయించి, బస్టాండు దగ్గర దుకాణం నడిపే రామ్‌సింగ్ వద్ద ఒక వాడిన కంప్యూటరు కొన్నాను. సౌండ్ కోసం వేరే కార్డు పెట్టించవలెనా, లేక కంప్యూటరు లోపలి మదర్‌బోర్డు మీద ఉన్నదే చాలునా అని అతనిని అడిగాను. "బోర్డు మీదనే సౌండ్ ఉండంగ అలగ్ కార్డు ఎందుకు సార్? మీరేమన్న సినిమాలకు మ్యూజిక్ కొడుతుండ్రా?" అన్నాడు. అతనిది వ్యాపారం. నీవు ఇరవై ఏళ్లుగా టేపులు, రేడియోలు విప్పినవాడవు. నీ అభిప్రాయం కారణాలతో సహా వ్రాయవలెను. కారణాలు లేని అభిప్రాయం నాకు అక్కరలేదు.

ఇట్లు,
అంతోనయ్య, బి.ఏ.


ఖమ్మం
17 సెప్టెంబరు 2006

బావగారికి వందనాలు.

ముందు మనసులో మాట చెప్పేస్తాను. ఆ క్యాసెట్టు తీసుకుని రేపే బస్సెక్కి ఖమ్మం రండి. నేను చేస్తాను. మీరు పక్కనే కూర్చోండి, నేను దాన్ని దాచుకోను, ఎత్తుకుపోను. అక్క మీకు భార్య అయితే నాకూ అక్కే కదా.

రారని తెలుసు. అందుకే మిగతాది రాస్తున్నాను.

నీళ్లలో నానిన టేపుకు ప్రాణం కొద్దిగా ఉంటుంది. రిబ్బను మీద గోధుమరంగు పూత ఉంటుంది చూడండి, గొంతు దాని మీదే ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ పూత పొడి పొడిగా రాలుతుంది. ఒకసారి తిరుగుతుంది. రెండోసారి తిరుగుతుందన్న ఆశ నాకు లేదు. కనుక మొదటిసారి వేసినప్పుడే రికార్డు అయిపోవాలి. "ఎట్లున్నదో చూద్దాం" అని వేయకండి.

ఇక కార్డు సంగతి. బోర్డు మీది సౌండ్ అన్నివేళలా చెడ్డదని చెప్పను. పాటలు వినడానికి, సినిమా చూడడానికి అది చాలు, అక్కడ కార్డు దండుగే. రికార్డు చేయడం వేరు. ఆ చిప్పు చుట్టూ ఫ్యాను, హార్డ్ డిస్కు, కరెంటు తీగలు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. బస్టాండులో నిలబడి ఉత్తరం చదివించుకున్నట్టు ఉంటుంది. కార్డు అంటే అదే బస్టాండులో తలుపున్న గది. ఇక్కడ పెళ్లి వీడియోలు తీసే అతను ఎవరిదో పాత టేపు ఒకటి బోర్డు మీదే ఎక్కించాడు. మొదటి నుంచి చివరి దాకా సన్నగా ఒక కూత. మౌసు కదిపినప్పుడల్లా ఆ కూత వంకర తిరుగుతుంది. తర్వాత తీసేయడం ఎవరి తరమూ కాలేదు.

మీ బోర్డు మంచిదో చెడ్డదో తేల్చుకునే ఉపాయం ఉంది. టేపు రికార్డరు తీగ పెట్టకండి. ఏమీ లేకుండా ఒక నిమిషం ఖాళీగా రికార్డు చేయండి. తర్వాత హెడ్‌ఫోను పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచి వినండి. ఆ ఖాళీ నిమిషంలో ఏం వినిపిస్తే అదే అక్క గొంతు మీద పడుతుంది. ఏమీ వినిపించకపోతే కార్డు అక్కరలేదు. కూత వినిపిస్తే కార్డు లేకుండా క్యాసెట్టు ముట్టుకోవద్దు.

తబితాను ఏమీ అనకండి బావగారూ. ఆ రెండు రోజులు అది నిద్ర పోలేదట.

మీ బావమరిది,
జాషువా


పాల్వంచ
2 అక్టోబరు 2006

చిరంజీవి జాషువాకు,

నీ ఉత్తరం అందినది. కారణాలతో వ్రాసినందుకు సంతోషించాను. పెళ్లి వీడియో వాని ఉదాహరణ అనవసరం.

నీవు చెప్పిన పరీక్ష చేశాను. ఒకసారి కాదు, మూడు వేర్వేరు దినములలో మూడుసార్లు. ఖాళీగా ఒక నిమిషం రికార్డు చేసి, సౌండు చివరి గీత వరకు పెంచి, కొత్త హెడ్‌ఫోనుతో విన్నాను. ఏమియు లేదు. మనం గుడిలో మోకరించి మౌనంగా ప్రార్థించుకొనేటప్పుడు ఉండే నిశ్శబ్దం వంటి నిశ్శబ్దం. బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకమును కూడా నిఘంటువు పక్కన పెట్టుకొని ఆసాంతం చదివాను. దానిలోనూ స్పష్టమైన ధ్వని అనియే వ్రాసి ఉన్నది.

రెండవ పరీక్ష నాడు రామ్‌సింగ్ తీగలు సరిచేయడానికి వచ్చి హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకున్నాడు.

"ఏందో దోమ కూసినట్టున్నది సార్," అన్నాడు.

"పాల్వంచలో దోమ కూయని చోటు చూపించు," అన్నాను.

"అట్లగాదు సార్, లోపల్నే..."

"లోపల దోమలుంటే ఆ డబ్బా నాకు అమ్మింది నువ్వే కదా," అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. పదో తరగతి దాటనివాని చెవికి, ఇరవైనాలుగేళ్లు టర్బైను హాలులో నిలబడి, శబ్దంలో ఇసుమంత మార్పును బట్టి యంత్రం తప్పును కనిపెట్టిన చెవికి తేడా ఉంటుంది. నేను రాత్రికళాశాలలో చదివి ముప్పై ఎనిమిదో ఏట పట్టా పుచ్చుకున్నవాడను. పరీక్ష అంటే ఏమిటో నాకు తెలియును.

ఖమ్మం రమ్మన్నావు. క్యాసెట్టు మరల బస్సు కుదుపులకు గురికావడం నాకు ఇష్టం లేదు. పైగా, ఆపరేషను వద్దు, రేడియేషను కరెంటు పెట్టిస్తే గొంతు నిలుస్తుందని ఆనాడు నీవు నలుగురిలో అన్న మాట నేను మరువలేదు. కాగితం మీద సంతకం చేసినవాడను నేను. ఈ పని కూడా నా చేతులతోనే జరగవలెను.

తబితా వారం వారం ఫోను చేస్తున్నది. ఈ కాలపు పిల్లలు నోరు తెరచి మాట్లాడరు. గొణుగుతారు. అందువలన ఎత్తుట మానుకున్నాను.

ఇట్లు,
అంతోనయ్య, బి.ఏ.


ఖమ్మం
9 అక్టోబరు 2006

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఏమీ వినిపించకపోతే అని మాటవరసకు రాశాను. నా బల్ల మీదికి మూడు వందల బోర్డులు వచ్చి ఉంటాయి. ఖాళీ నిమిషంలో ఏమీ వినిపించని బోర్డు ఒక్కటీ రాలేదు. ఖరీదైన కార్డు పెట్టినా, సౌండు చివరిదాకా పెంచితే ఎక్కడో పొయ్యి మీద ఎసరు కాగుతున్నట్టు ఒక చప్పుడు ఉంటుంది. మీరేమో మూడుసార్లు విని ఏమీ లేదంటున్నారు. తప్పు మీదని అనడం లేదు. హెడ్‌ఫోనుది అయి ఉండవచ్చు, తీగ సరిగ్గా కూర్చోకపోయి ఉండవచ్చు. రామ్‌సింగ్ విన్నది మాత్రం దోమ అయి ఉండదు.

రెండు పనులు చేయండి. నా దగ్గరున్న కార్డు ఒకటి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. పాతదే, మంచిది. దాన్ని పెట్టించి మళ్లీ ఒక ఖాళీ నిమిషం రికార్డు చేయండి. తర్వాత తబితాను ఒక ఆదివారం పిలిపించండి. రెండు నిమిషాలూ దానికి వినిపించండి. అది ఏమంటే అది చేయండి. చిన్న పిల్ల చెవి కాబట్టి అంటున్నాను, అంతకు మించి ఏమీ లేదు.

అప్పటి దాకా క్యాసెట్టు వేయనని మాట ఇవ్వండి. ఆ రోజు మైకు అక్క మూతికి మరీ దగ్గరగా పెట్టాను. పాటకు ముందు ఆమె తీసుకునే ఊపిరి కూడా పడింది. "మళ్ళ చేద్దామా అక్కా" అంటే, "ఉండనియ్ రా, ఊపిరి లేకుంట పాట యాడికెల్లి వస్తది?" అన్నది. ఆ ఊపిరి మీద కూత పడకూడదని నా బాధ.

జాషువా


పాల్వంచ
5 నవంబరు 2006

చిరంజీవి జాషువాకు,

కార్డు అందినది. ఈ ఉత్తరంతో పాటే దానిని తిరిగి పంపుతున్నాను. దానిని విప్పి, నా చేతులతో బిగించి, మరల ఖాళీ నిమిషం రికార్డు చేసి, బోర్డు మీది నిమిషంతో పోల్చి విన్నాను. రెండును ఒక్కటే నిశ్శబ్దం. వెంట్రుకవాసి తేడా లేదు. తేడా లేని చోట అదనపు వస్తువు పెట్టడం ఆడంబరం. హెడ్‌ఫోనులో లోపం లేదు. తబితాను పిలిపించి నా చెవికి సాక్ష్యం చెప్పించుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. నీవు "అంతకు మించి ఏమీ లేదు" అని వ్రాసిన వాక్యంలో ఏమున్నదో గ్రహించలేనంత చదువు లేనివాడను కాను.

పని పూర్తి అయినది. నవంబరు ఒకటో తేదీ ఉదయం సెలవు పెట్టి, తలుపులు వేసి, ఫ్యాను ఆపి, బోర్డు మీదనే రికార్డు చేశాను. ఇరవై ఎనిమిది నిమిషాలు. నీవు చెప్పినట్టే గోధుమరంగు పొడి రాలినది. చివరకు రిబ్బను అక్కడక్కడ గాజువలె తెల్లబడినది. కాని అంతా వచ్చినది, జాషువా. "రికార్డు అయితున్నదా?" అని నిన్ను అడగడం, మూడు పాటలు, ఆఖరున కూతురికి చెప్పిన మాటలు: "నాయిన కోపానికొస్తే ఎదురు చెప్పకు బిడ్డా. అన్నం పెట్టి పక్కన కూసో. నోట్ల ముద్ద ఉంటే కోపం యాడుంటది?" నేను ఆ కుర్చీలోనే ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను.

ఒక్క లోటు. నీవు వ్రాసిన ఊపిరి కోసం ప్రతి పాటకు ముందు చెవి రిక్కించి విన్నాను. లేదు. వరద నీరు దానిని కడిగివేసి ఉండవచ్చు. అంతటి సున్నితమైనది నీటిలో నిలుస్తుందని ఆశించడం అత్యాశ.

మరునాడు సమాధుల పండుగ. సమాధికి సున్నం వేయించి, కొత్త రాయి నిలబెట్టించాను. ఇక తిరగని క్యాసెట్టును ఇంట్లో ఉంచి ఎవరి చేతుల్లోనో పడనీయడం కన్న, ఆమె దగ్గర ఉండటం సబబని తోచి, దానిని ప్లాస్టిక్కులో చుట్టి రాయి అడుగున సిమెంటులో పెట్టి మేస్త్రీ చేత మూయించాను. ఫాదరు గారు దీవెన జలం చల్లినారు. తబితా భద్రాచలం నుండి వచ్చి కొవ్వొత్తి వెలిగించినది. ఇంటికి వచ్చిన తరువాత దానికి సీడీ వినిపించాను. కన్నీరు కార్చి, వెంటనే బస్సుకు వెళ్లిపోయినది. దాని తప్పు దానికి తెలిసినదనుకుంటున్నాను.

నీ సీడీ కూడా ఇందులోనే ఉన్నది. విని, బోర్డు చాలునన్న నా తీర్పు సరియో కాదో నిష్పక్షపాతంగా వ్రాయవలెను.

ఇట్లు,
అంతోనయ్య, బి.ఏ.


ఖమ్మం
14 నవంబరు 2006

బావగారికి,

సీడీ అందింది. విన్నాను. అక్క గొంతు బాగుంది. మీరు చేసిన పని బాగుంది.

కార్డు కూడా అందింది.

జాషువా


ఖమ్మం
14 నవంబరు 2006

బంగారు తల్లి తబితాకు,

మామ రాస్తున్నాడు. ఇదే పూట మీ నాన్నకు కూడా మూడు ముక్కలు రాశాను. నీ ఉత్తరాన్ని ఆయనకు చూపించకు.

నువ్వు ఫోనులో ఏడుస్తూ చెప్పింది నిజమే. "మామా, నాయిన నా ముంగట్నే పెట్టిండు. ఆయనేమో కండ్లు మూసుకొని నవ్వుకుంట ఇంటుండు. నాకేమో చెవులు మూసుకోవాలనిపించింది" అన్నావు. నేను కూడా వినలేక మధ్యలో రెండుసార్లు ఆపాను. మొదటి క్షణం నుంచి చివరి దాకా ఆ కూత ఉంది. కంప్యూటరు లోపలి కూత. బోర్డు మీద రికార్డు చేయడం వల్ల పడింది. కార్డు పెట్టి ఉంటే పడేది కాదు. ఒక పలక మీద మేకుతో గీస్తూ ఉంటే అవతలి గదిలో మీ అమ్మ పాడుతున్నట్టు ఉంది.

మీ నాన్న అబద్ధం ఆడలేదమ్మా. ఆయనకు అది వినిపించలేదు. మీ అమ్మ ఊపిరి వరద నీటిలో పోయిందని నాకు రాశాడు. ఆ ఊపిరి సీడీలో ఉంది. కూత కింద ఉంది, నేను విన్నాను, నువ్వూ విని ఉంటావు. ఆయన మాత్రం వినలేడు. టర్బైను హాలులో ఇరవైనాలుగేళ్లు పని చేశాడు. చెవిలో పెట్టుకోమని వాళ్లిచ్చిన బిరడాలు పెట్టుకోకుండా, "నా మిషను నాతో మాట్లాడుతది, నేను చెవులు మూసుకోవాల్నా?" అనేవాడు. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. ఫోను ఎందుకు ఎత్తడో, ఉత్తరమే రాయమని ఎందుకు అన్నాడో ఇప్పుడు తెలిసింది. నువ్వు గొణుగుతున్నావని కోపం తెచ్చుకున్నాడు చూడు, అదీ ఇదే.

నేను ఆయనకు బాగుందని రాశాను. తప్పో ఒప్పో తెలియదు. ఆ టేపు ఇక తిరగదు, సిమెంటులో ఉంది. చెప్పి ఏం చేయాలి? ఆయనొక్కడికైనా శుభ్రంగా వినిపిస్తోంది. విననీ.

నువ్వు మాత్రం పెట్టె సంగతి మనసులో పెట్టుకోకు. టేపు నీళ్లలో నానినా గొంతు చెడలేదు. దాన్ని చెడగొట్టింది నీళ్లు కాదు.

మీ మామ


పాల్వంచ
11 జనవరి 2007

జాషువాకు,

ఈ ఉత్తరంలో ఒక కాగితం పెట్టాను. మొదట దానిని చూడు.

అది డిసెంబరులో ప్లాంటు వైద్య పరీక్షలో నా చెవులకు తీసిన గీత. ప్రతి ఏటా ఆ గదిలో చప్పుడు వినిపించగానే బొత్తాము నొక్కమన్నప్పుడు, డాక్టరు గారి చేతి కదలికను అద్దంలో చూచి నొక్కేవాడను. అది మోసమని అప్పుడు అనుకోలేదు. పరీక్షలో నెగ్గటం అనుకున్నాను. ఈసారి వచ్చిన డాక్టరు గారు కొత్తవారు. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టినారు. గీత కొంతదూరం చదునుగా పోయి, అక్కడి నుండి కొండ అంచు నుండి రాయి పడినట్టు పడిపోయినది. అంతకన్న సన్నని చప్పుడు ఏదియు నాకు లేదట. "మీ ఇంట్లోవాళ్లు చెప్పలేదా?" అని ఆయన నా ముఖానికి ఎదురుగా వచ్చి గట్టిగా అడిగినారు.

ఇంట్లోవాళ్లు. పద్నాలుగు నెలలు మా ఇంట్లో మాట లేదు, జాషువా. ఆమె పలక మీద వ్రాసేది, నేను చదివేవాడను. వినవలసినది ఏదీ లేని ఇంట్లో, చెవి పోతున్నదని మనిషికి ఎట్లు తెలుస్తుంది?

నేను ఇంటికి వచ్చి ఆ ఖాళీ నిమిషాన్ని మరల పెట్టాను. అదే నిశ్శబ్దం. పక్క క్వార్టరులో ఉండే క్యాంటీను గోప్యాను పిలిచి హెడ్‌ఫోను ఇచ్చాను. పెట్టుకున్న మరుక్షణమే ఊడపెరికినాడు.

"బంద్ చెయ్యన్నా! చెవుల్ల సూది గుచ్చినట్టున్నది!"

"పాట వెనుక కూడా ఉన్నదేమో చూడు," అని మీ అక్క పాట పెట్టాను. అతను నా ముఖం వంక చూచి, కాసేపు ఓర్చుకొని, మెల్లగా తీసి బల్ల మీద పెట్టినాడు.

"వదిన మంచిగ పాడింది," అన్నాడు. పెదవులను బట్టి గ్రహించాను.

"నేనడిగింది అది కాదు."

"ఉన్నదన్నా. పాట పొడుగూత ఉన్నది."

"పాట ముందర ఊపిరి?"

"అవ్, అది గూడ ఉన్నది. నీకు ఇనవడ్తలేదా ఏంది?"

అప్పుడు నీ నవంబరు ఉత్తరాన్ని తీసి చూచినాను. "బాగుంది" అని రెండు చోట్ల వ్రాసి ఉన్నది. కారణాలు లేని అభిప్రాయం నాకు అక్కరలేదని మొదటి ఉత్తరంలోనే వ్రాశాను. నీవు కారణాలు వ్రాయలేదు. ఆ రోజే గ్రహించవలసినది. గ్రహించటం ఇష్టం లేక, ఆ ఉత్తరాన్ని రామ్‌సింగ్‌కు చూపించి, బోర్డు చాలునని నీవు ఒప్పుకున్నావని చెప్పినాను.

నీవు కార్డు పంపినావు. అది నా బల్ల మీద మూడు వారములకు పైగా ఉన్నది. నేను దానిని బిగించి, విని, విప్పి, తిరిగి పంపినాను. తబితాను పిలిచి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. రామ్‌సింగ్ చెప్పినప్పుడు ఆగి ఉంటే అంత కూడా పట్టేది కాదు. ఆమె గొంతు రెండుసార్లు పోయినది. మొదటిసారి కాగితం మీద సంతకం నాది. రెండవసారి చేయి నాది.

అన్యాయం ఒకటున్నది. నేను పెట్టుకొని విన్నప్పుడు ఆ కూత లేదు. ఆమె ఒక్కతే ఉన్నది. పాడుచేసిన వానికి మాత్రమే ఆమె శుభ్రంగా వినిపిస్తున్నది. మీకందరికీ నేను సూది మిగిల్చినాను. ఈ ఆలోచన వచ్చిన నాటి నుండి నేను సీడీ పెట్టుకొనుట లేదు.

మేస్త్రీని పిలిచి రాయి పగలగొట్టించి క్యాసెట్టు బయటికి తీయమంటావా? నీవు ఊఁ అంటే రేపే చేయిస్తాను. నన్ను టర్బైను హాలు నుండి స్టోర్సుకు మార్చినారు. పగటి పని. ఏ రోజైనా సెలవు దొరుకుతుంది.

తబితాకు నిర్లక్ష్యమన్న మాట వాడినాను. ఆ మాట ఎవరిదో ఇప్పుడు తెలిసినది. దానికి నేను వ్రాయలేకపోతున్నాను. నీవు చెప్పు.

అంతోనయ్య


ఖమ్మం
18 ఫిబ్రవరి 2007

బావా,

ఇన్నాళ్లు జవాబు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. నెల రోజులుగా చేస్తున్న పని నిన్నటికి ఒక కొలిక్కి వచ్చింది. అందుకే ఇవాళ రాస్తున్నాను. ఇన్నేళ్లూ మీరు, గారు అని రాశాను. ఈ ఒక్క ఉత్తరంలో చేతకావడం లేదు.

రాయి పగలగొట్టవద్దు. ఆ క్యాసెట్టులో ఉన్నదంతా రాలి నీ కంప్యూటరులోకి వచ్చేసింది. సిమెంటులో ఉన్నది ఉత్త ప్లాస్టిక్కు. అక్క మీద మళ్లీ సుత్తి దెబ్బ పడనీయకు.

బాగుందని రాయడం నా తప్పు. నీకు చెప్పే ధైర్యం లేదు. ఆపరేషనప్పుడు అందరి ముందు నిన్ను అన్న మాట నాకు గుర్తుంది. ఇంకొకసారి నా నోటితో నువ్వు తప్పు చేశావని చెప్పలేకపోయాను.

ఆ కూత ఒక్కటే తీసేద్దామని మూడు వారాలు కూర్చున్నాను. అది ఒక చోట నిలబడదు. హార్డ్ డిస్కు తిరిగినప్పుడల్లా పైకీ కిందికీ పోతుంది. దాన్ని వెంటాడి తీసిన ప్రతిచోటా అక్క గొంతులో ఒక ముక్క ఊడి వచ్చింది. ఒక పాటయితే మనిషి పాడినట్టే లేదు. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

చివరికి నువ్వు పంపిన చెవి కాగితం ముందు పెట్టుకున్నాను. నీ గీత ఎక్కడ కొండ అంచు నుంచి పడిందో, సరిగ్గా అక్కడ కోశాను. దానికి పైన ఉన్నదంతా తీసేశాను. కూత పోయింది. మొత్తం పోయింది. దానితో పాటు మాటల అంచులు మొద్దుబారాయి. పాటల ముందు ఊపిరి కూడా పోయింది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు బావా. కూత, ఊపిరి ఒకే చోట ఉన్నాయి. ఊపిరి కావాలన్నవాళ్లు కూతతో సహా వినాలి. అందుకే నువ్వు చేసిన సీడీని కూడా పారేయలేదు, బీరువాలో పెట్టాను.

నిన్న తబితా ఖమ్మం వచ్చింది. నువ్వు చెప్పమన్నది చెప్పాను. దుకాణం షట్టరు సగం దించి, అక్క ఆ రోజు కూర్చున్న స్టూలు మీదే దాన్ని కూర్చోబెట్టి, కొత్త సీడీ పెట్టాను. మూడు పాటలూ విన్నది. "నోట్ల ముద్ద ఉంటే కోపం యాడుంటది" అన్న దగ్గర నవ్వింది. అంతా అయిపోయాక అడిగింది:

"అమ్మ ఏడనో గోడ అవతల ఉన్నట్టున్నది. గిట్లెందుకున్నది మామా?"

ఎక్కడ కోశానో, ఎందుకు అక్కడే కోశానో చెప్పాను. నీ కాగితం చూపించాను. అది ఆ గీత మీద వేలు పెట్టి, పడిపోయిన చోటు దాకా తీసుకుపోయింది.

"నాయిన మనందర్నీ గింత దూరంకెల్లి ఇంటున్నడా మామా, ఇన్నొద్దులు?" అన్నది.

కొత్త సీడీ దానికే ఇచ్చి పంపాను. వచ్చే ఆదివారం పాల్వంచ వస్తుంది. తలుపు కొడితే నీకు వినిపించదు కదా, పదింటి నుంచి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చో.

నేను ఇక ఫోను చేయను, ఉత్తరమే రాస్తాను.

జాషువా